చేన్లలో దిగే సైన్సు బుగ్గలు: ఈసీఐఎల్ బెలూన్ల కథ

మొగిలిగుండ్ల సంగతి చాలామందికి యాదికుండే ఉంటది. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఊరు. 2022 డిసెంబర్ 7న పొద్దుగాల ఆ ఊరి పొలాల్లో ఇంతకుముందు ఎవరూ చూడని పెద్ద గుండ్రటి డబ్బా ఒకటి దిగి కూర్చుంది. చుట్టుపక్కల ఊర్ల నుంచి బండ్ల మీద జనం. గంటలోపే వాట్సాప్‌లో ఫోటోలు. గ్రహాంతరవాసులు వచ్చారని కొందరు, పాకిస్తాన్‌దని కొందరు, బాంబని కొందరు. పోలీసులు వచ్చాక అసలు సంగతి తెలిసింది. అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ కాప్సూల్. రేపటి రోజు డబ్బున్న టూరిస్టులను ఆకాశం అంచుదాకా తీసుకుపోవాలని వాళ్ల ఆలోచన. ఆ రోజు మనుషులు లేకుండా, వట్టి నమూనాను ఎగరేసి చూశారు. పైకి తీసుకుపోయింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్. 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నాలుగు గంటలకు పైగా గాలిలో ఉండి, పారాచూట్‌తో దిగింది.

రెండు రోజులు టీవీల్లో నడిచి ఆ ముచ్చట ఆగిపోయింది. కానీ నాకు అక్కడే అసలు కథ మొదలైనట్టు అనిపించింది. ఎందుకంటే మన తెలంగాణ చేన్లలో ఇట్లాంటివి దిగడం ఇది మొదటిసారి కాదు. అరవై ఏండ్ల నుంచి దిగుతున్నయి. కంది చేన్లో, జొన్న చేన్లో, చెరువు శిఖంలో, గుట్టల మీద. ఉత్తరాన ఆదిలాబాద్ దాకా, పడమర బీదర్, సోలాపూర్ దిక్కు దాకా. మన పొలం లేకపోతే ఆ సైన్సు లేదు. ఇది పొగడ్తకు అంటున్న మాట కాదు, కింద చదివితే మీకే అర్థమవుతది.

ఇప్పుడు డ్రోన్ అంటే చిన్న పిల్లోడికి కూడా తెలుసు. మందు కొట్టే డ్రోన్ మన మండలాలకు వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో ఇదే వికారాబాద్‌లో ఆకాశం నుంచి మందుల డబ్బాలు దించే డ్రోన్ల ప్రయోగం కేంద్ర మంత్రి వచ్చి మొదలుపెట్టిండు. అమెరికాలో అడవి కాలిపోతుంటే పైలట్ లేని విమానం పైన తిరిగి మంట బొమ్మలు తీస్తది. దాని గురించి తర్వాత చెప్తా. కానీ మనిషి లేకుండా యంత్రాన్ని పైకి పంపి, చూసిందంతా రాసుకుని కిందికి రమ్మనే పద్ధతి మన దగ్గర డ్రోన్ పేరు పుట్టకముందే ఉంది. దానికి రెక్కలు లేవు, ఇంజన్ లేదు, పెట్రోలు లేదు. మా దిక్కు బెలూన్‌ను బుగ్గ అంటరు. ఆ బుగ్గే.

కథ కాస్మిక్ కిరణాలతో మొదలైంది. అంతరిక్షం నుంచి మన నెత్తి మీద ఎప్పుడూ కురుస్తుండే కంటికి కనపడని కణాలు అవి. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త తానే బెలూన్ ఎక్కి పైకి పోయి, ఎత్తుకు పోయేకొద్దీ ఇవి ఎక్కువవుతున్నాయని కొలిచి చెప్పిండు. భూమి అయస్కాంతం ఈ కణాలకు ఒక జల్లెడ. ధ్రువాల దగ్గర జల్లెడ కండ్లు పెద్దవి, బలం లేని కణాలు కూడా జారి లోపలికి వస్తయి. భూమధ్యరేఖ దిక్కు వచ్చేకొద్దీ కండ్లు చిన్నవి, గట్టి కణాలే దాటగలవు. అందుకే గట్టి కణాలను వేరు చేసి చూడాలంటే మన దక్షిణ భారతం మంచి జాగా. 1939-40 చలికాలంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ తన మనుషులతో ఇక్కడికొచ్చి ఆగ్రా, పెషావర్, బెంగళూరులలో బెలూన్లు ఎగరేసింది అందుకే. అదే కాలంలో యుద్ధం వల్ల కేంబ్రిడ్జికి తిరిగిపోలేక బెంగళూరులో ఉండిపోయిన హోమీ భాభా కూడా ఈ పనిలో పడ్డడు. 1945లో ఆయన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పెట్టినప్పుడు రబ్బరు బెలూన్లను గుత్తిగా కట్టి, కింద పరికరం వేలాడదీసి వదిలేవాళ్లు. 1950ల నడిమి దాకా అదే పద్ధతి.

రబ్బరు బుగ్గకు ఒక రోగం ఉంది. పైకి పోయేకొద్దీ ఉబ్బి ఉబ్బి పగులుతది. ఒక ఎత్తు దగ్గర గంటలు గంటలు నిలబడదు. అందుకని ప్లాస్టిక్‌కు వచ్చారు. పాలిథిన్ షీటు. మనం మిర్చి, కర్బూజ వేసేటప్పుడు బోదెల మీద పరిచే మల్చింగ్ షీటు చుట్టమే అనుకోండి. మన షీటు 25, 30 మైక్రాన్లు ఉంటది. బెలూన్ షీటు అంతకన్నా పల్చన. ఆ పల్చటి షీటును పొడుగ్గా ముక్కలు కోసి, వేడితో ఒకదానికొకటి అతికి, అతుకు వెంబడి బరువు మోసే పట్టీ వేసి, ఎకరాలకు ఎకరాల షీటును ఒక్క బుగ్గగా చేస్తరు. ఒక్కచోట సూది మొన అంత రంధ్రం పడినా పని చెడినట్టే.

పైన ఇంకో గండం ఉంది. మనకు ఎండలెక్కువ కాబట్టి మన నెత్తిమీద ఆకాశం కూడా వేడిగా ఉంటదనుకుంటం. తిరకాసు అక్కడే ఉంది. ధ్రువాల కన్నా మన ఉష్ణ ప్రాంతాల మీదనే 16, 17 కిలోమీటర్ల ఎత్తులో చలి ఎక్కువ. మైనస్ 80 డిగ్రీల దాకా పోతది. అమెరికాలో బాగా ఎగిరిన షీటు ఇక్కడ ఆ చలి పొర దాటేటప్పుడు పెళుసుబారి గాజులా పగిలేది. ఆ చలిని తట్టుకునే షీటు కోసం టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏండ్లకేండ్లు కుస్తీ పట్టారు. చివరికి బెలూన్లను ఇక్కడే తయారు చేసుకునే దాకా వచ్చారు. బెలూన్ డిజైన్, తయారీ, ఎగరవేత, వెతికి తెచ్చుకోవడం, అన్నీ ఒకే చోట చేసే సంస్థలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగు మైక్రాన్ల కన్నా పల్చటి షీటుతో వీళ్లు చేసిన ఒక చిన్న బెలూన్ 50 కిలోమీటర్లు దాటి పోయింది.

మరి బొంబాయి వదిలి హైదరాబాద్ ఎందుకు? మ్యాప్ ముందేసుకుంటే రైతుకు కూడా తెలిసిపోతది. బొంబాయిలో వదిలితే గాలి కొంచెం అటు తిరిగినా పరికరం సముద్రం పాలు. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి నడుమ ఉంది. తూర్పుకు పోయినా, పడమరకు పోయినా రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి నేల. ఆ నేల మీద చేన్లు. చేన్లలో మనుషులు. పడినదాన్ని చూసి చెప్పడానికి కండ్లు ఉన్నాయి. బెలూన్ సైన్సులో ఎగరేయడం సగం పనే, దొరకబట్టడం మిగతా సగం.

1960లలో ఈ బెలూన్లు ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణ నుంచి లేచేవి. ఉస్మానియా అంటే 1918లో ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాల్లో మొదలై తర్వాత అడిక్‌మెట్ గుట్టల మీదికి పోయిన బడి. అప్పటి హిమాయత్‌నగర్, నారాయణగూడ వాళ్లకు అది పిలిస్తే పలికే దూరం. ఇప్పుడు హిమాయత్‌నగర్ లిబర్టీ చౌరస్తాలో నిలబడి తలెత్తితే కనపడేది హోర్డింగులు, వైర్లు. అప్పుడు తెల్లవారుజామున తలెత్తినవాళ్లకు తూర్పు దిక్కున సూర్యుడు ఇంకా పొడవక ముందే వెలుగుతున్న తెల్లటి చుక్క కనపడి ఉండొచ్చు. కింద మనకు చీకటే, కానీ ముప్పై కిలోమీటర్ల పైన ఉన్న బుగ్గకు పొద్దు ముందే పొడుస్తది కదా.

1968 ఏప్రిల్ 28న హైదరాబాద్ నుంచి లేచిన ఒక బెలూన్‌ను మన దేశపు ఎక్స్‌రే ఖగోళశాస్త్రానికి నాందిగా చెప్తరు. వృశ్చిక రాశిలో స్కార్పియస్ ఎక్స్-1 అనే చుక్క ఉంది. దాని నుంచి వచ్చే ఎక్స్‌రేలు భూమి దాకా రావు, గాలి మింగేస్తది. గాలి దాదాపు అయిపోయే ఎత్తుకు పోతేనే దొరుకుతయి. దాన్ని పట్టడానికే ఆ బెలూన్ పోయింది. ఆ పనిలో ఉన్న పి.సి. అగ్రవాల్ అనే ఆయన నలభై ఏండ్లు ఇదే దారిలో నడిచి, 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పోయిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో పెద్ద ఎక్స్‌రే పరికరానికి పెద్దదిక్కయిండు. అట్లాంటి పరికరాలను ముందు బెలూన్ల మీద ఎగరేసి, దించి, బాగుచేసి, మళ్లీ ఎగరేసి నేర్చుకున్నరు. అదే 1968లో హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ పెట్టారు, కాలేజీ సైన్సును తెలుగులో చెప్పాలని. రెండింటికీ సంబంధం లేదు, తారీకులు చూస్తుంటే తట్టింది, అంతే.

1969లో ఈసీఐఎల్ దగ్గర పక్కా బెలూన్ కేంద్రం వచ్చింది. హిమాయత్‌నగర్ నుంచి విద్యానగర్, తార్నాక, మౌలాలి మీదుగా పోతే వస్తది. ఇక్కడ ఒక తెలుగాయన గురించి చెప్పకపోతే తప్పు. ఈసీఐఎల్‌ను 1967లో నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిండు. ఏ.ఎస్. రావు నగర్ అని రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరు ఆయనదే. ఆయన కూడా భాభా దగ్గర కాస్మిక్ కిరణాల పరిశోధనతోనే మొదలుపెట్టిన మనిషి. కణాలు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్స్ చేసుకుంటూ చేసుకుంటూ దేశానికి టీవీలు, కంప్యూటర్లు, అణు రియాక్టర్ కంట్రోళ్లు తయారుచేసే కంపెనీ దాకా వచ్చిండు. ఆ కంపెనీకీ, పక్కనే ఉన్న బెలూన్ల మైదానానికీ వేరు ఒక్కటే.

ఇక బుగ్గ ఎట్ల పోతదో చెప్తా. రాత్రి, తెల్లవారుజాము గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు వదులుతరు. లోపల హైడ్రోజన్. నేల మీద ఉన్నప్పుడు బుగ్గ అంతా నిండదు, పైన కొప్పులాగా కొంచెమే నింపుతరు, మిగతాది వట్టి సంచిలాగా వేలాడుతుంటది. చూసినవాళ్లకు ఇది ఎట్ల లేస్తదిరా అనిపిస్తది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతది, లోపలి గ్యాసు సాగుతది. 40 కిలోమీటర్ల దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో మూడు వందో వంతు కూడా ఉండదు. అంటే ఇక్కడ ఒక గంపెడు గ్యాసు అక్కడ మూడు వందల గంపలు. అప్పుడు బుగ్గ యాభై నుంచి ఎనభై మీటర్ల అడ్డం వస్తది. కింద మూతి తెరిచే ఉంటది, ఎక్కువైన గ్యాసు దానంతట అదే పోతది, అందుకే పగలదు. ఒక ఎత్తులో నిలబడి గాలివాటంగా జరుగుతుంటది. పని అయిపోయాక కింది నుంచి రేడియోతో ఆజ్ఞ ఇస్తే తాడు తెగి, పరికరం రంగు రంగుల పారాచూట్‌తో దిగుతది. బుగ్గ చినిగి వేరేచోట పడుతది. ఆ తర్వాత జీపుల్లో వెతుకులాట.

దేనికి ఇంత తిప్పలు, ఏం కనిపెట్టారు అని అడిగేవాళ్లుంటరు. కొన్ని చెప్తా.

ఫ్రిజ్‌లలో వాడిన ఫ్రియాన్ లాంటి గ్యాసులు ఓజోన్ పొరను తింటున్నాయని ప్రపంచమంతా భయపడిన రోజుల్లో, మన ఉష్ణ ప్రాంతం మీద ఆ గ్యాసులు ఏ ఎత్తులో ఎంతున్నాయో కొలిచిన లెక్కలు చాలా తక్కువ. 1987 మార్చి 27న అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు, జర్మనీ మాక్స్ ప్లాంక్ వాళ్లు కలిసి హైదరాబాద్ నుంచి ఒక బెలూన్ పంపారు. ఖాళీ డబ్బాలను ద్రవ నియాన్‌లో ముంచి పైకి పంపితే, మూత తెరవగానే బయటి గాలి లోపలికి వచ్చి ఆ చలికి గడ్డకట్టి కూర్చుంటది. ఒక్కో ఎత్తులో ఒక్కో డబ్బా. ఓజోన్‌ను కాపాడే మాంట్రియల్ ఒప్పందం అదే ఏడాది సెప్టెంబర్‌లో జరిగింది. తర్వాత ఏండ్లలో మళ్లీ మళ్లీ ఇక్కడి నుంచే గాలి తెచ్చి చూశారు. ఆ డబ్బాలు మన నేల మీద పారాచూట్‌తో దిగి, జీపెక్కి, విమానమెక్కి ల్యాబుకు పోయినయి. నడుమ ఎవరన్నా ఉత్సాహంగా మూత తిప్పి ఉంటే లోపలుండేది మన చేను గాలే.

ఒక మీటరు అద్దంతో దూరపు పరారుణ కిరణాలను చూసే టెలిస్కోపు ఉంది. చుక్కలు పుట్టే మేఘాలను అది చూస్తది. జపాన్ వాళ్లు తమ పరికరం తెచ్చి దానికి తగిలించి, ఆ మేఘాల్లోని కార్బన్ వెలుగును కొలిచారు. ఆ టెలిస్కోపు ఒకసారి ఎగిరి పోయేది కాదు. పోతది, చేన్లో దిగుతది, తెచ్చి అద్దం సరిచేసి మళ్లీ పంపుతరు. అది చాలాసార్లు ఎగరగలిగిందంటే దాంట్లో దిగిన ఊరోళ్ల పుణ్యం కూడా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది బాక్టీరియా కథ. 2005 ఏప్రిల్ 20న ఇస్రో కోసం ఇక్కడి నుంచి పోయిన బెలూన్ రెండు కోట్ల 67 లక్షల ఘనపుటడుగులది. 459 కిలోల పరికరం, దాన్ని చల్లగా ఉంచడానికి 38 కిలోల ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చారు. అంతకుముందు 2001 జనవరిలో జయంత్ నార్లికర్ బృందం చేసిన ఇట్లాంటి ప్రయోగానికి ఇది రెండో విడత. తెచ్చిన గాలిని రెండు చోట్ల చూశారు, హబ్సిగూడలోని సీసీఎంబీలో డాక్టర్ శివాజీ, పుణెలో డాక్టర్ యోగేశ్ షౌచే. పన్నెండు రకాల బాక్టీరియా, ఆరు రకాల బూజు బతికి బయటపడ్డయి. వాటిలో మూడు బాక్టీరియాలు అప్పటిదాకా లోకానికి తెలియనివి. 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఫ్రెడ్ హోయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని చాలామంది అప్పుడే పండగ చేసుకున్నరు. ఇస్రో మాత్రం ఇది దానికి రుజువు కాదని జాగ్రత్తగానే రాసింది. ఇంత మర్యాద మన టీవీలకుంటే బాగుండు.

అసలు మలుపు తర్వాత వచ్చింది. ఆ ఆర్యభట్టాయి అనే బాక్టీరియా తర్వాత్తర్వాత నేలలో, పంట మొక్కల వేర్ల దగ్గర దొరుకుతూ వచ్చింది. మధ్యప్రదేశ్ నల్లరేగడిలో సోయాబీన్, గోధుమ మీద పరీక్షించిన రకాలు మట్టిలో బిగుసుకున్న జింకును కరిగించి మొక్కకు అందిస్తున్నాయని తేలింది. జింకు లోపంతో వరి ఆకులకు తుప్పు మచ్చలొస్తే మనం సల్ఫేట్ సంచి కోసం పరుగెత్తుతం కదా, ఆ పని కొంత చేసే జీవి అది. దానికి పేరు పెట్టించింది మాత్రం మన హైదరాబాద్ నుంచి లేచిన బుగ్గ. అది పైకి ఎట్ల పోయిందో? దుమ్ముతో, గాలిదుమారంతో మన నేల నుంచే పోయి ఉంటదని నా అనుమానం.

నేల నుంచి పైకి పోయేవి ఇంకా ఉన్నాయి. 2011లో ఉపగ్రహ లెక్కలు చూస్తూ ఒక సంగతి కనిపెట్టారు. వానాకాలంలో ఆసియా మీద, 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తులో, సన్నటి ధూళి పొర ఒకటి ఏర్పడుతది. రుతుపవన మేఘాలు కింది గాలిని పొగగొట్టం లాగా పైకి గుంజుతయి, ఆ గాలిలో ఉన్నదంతా అక్కడ పేరుకుంటది. అదేందో తేల్చడానికి ఇస్రో, నాసా కలిసి 2014 నుంచి కొన్నేండ్లు బెలూన్లు ఎగరేశారు. చిత్తూరు దిక్కు గాదంకి నుంచి, కాశీ నుంచి, మన ఈసీఐఎల్ నుంచి. బొగ్గు కాల్చిన పొగలోని గంధకమే ఎక్కువ ఉంటదని అనుకున్నరు. ఇక్కడి నుంచి పోయిన బెలూన్లు వడగట్టి తెచ్చిన దాంట్లో నైట్రేట్ ఎక్కువ కనపడింది. 2017లో యూరప్ వాళ్లు ఖాట్మండు నుంచి విమానం పంపి చూస్తే అమ్మోనియం నైట్రేట్ అని తేలింది. అమ్మోనియా ఎక్కడిది? ఎక్కువ భాగం పొలాలది, పశువులది. ఎండపూట తడి మడిలో పైపైన చల్లిన యూరియా వాసన ముక్కుకు కొడుతది చూడండి, అదే. సంచికి పెట్టిన పైసల్లో కొంత పదిహేను కిలోమీటర్ల పైకి పోతుందన్నమాట. దుక్కిలో వేసి మట్టి కప్పమని వ్యవసాయ విస్తరణాధికారి చెప్పేది ఊరికే కాదు.

పొగ అన్నం కాబట్టి మంటల సంగతి. అడవి కాలుతుంటే పైనుంచి చూడాలంటే మామూలు కెమెరా పనికిరాదు, పొగ అడ్డం. పరారుణ కెమెరాకు పొగ అడ్డం రాదు, వేడినే చూస్తది. నాసా వాళ్లు 2001లో ఆల్టస్ అనే పైలట్ లేని విమానంతో ఈ పని చేసి చూపించారు. 2007లో ఇఖానా అనే పెద్ద విమానానికి పరారుణ కెమెరా కట్టి అమెరికా పడమటి రాష్ట్రాల అడవుల మీద తిప్పారు. ఒక్కో ట్రిప్పు ఇరవై గంటల దాకా. ఆ అక్టోబర్‌లో దక్షిణ కాలిఫోర్నియా భగ్గున అంటుకున్నప్పుడు, మంట అంచు ఎక్కడుందో బొమ్మ తీసి, ఉపగ్రహం ద్వారా నిమిషాల్లో కింద ఆర్పేవాళ్ల కంప్యూటర్‌లో మ్యాప్ మీద పెట్టింది. ఇఖానా అంటే అక్కడి చోక్టా ఆదివాసుల భాషలో తెలివి, ఎరుక అని అర్థం. విమానం మాత్రం యుద్ధాల్లో బాంబులేసే ప్రెడేటర్ తోబుట్టువు. తుపాకీ కంపెనీ ఇనుముతోనే నాగలి కర్రు చేసినట్టు.

మనకు నల్లమల ఉంది, ప్రతి ఎండాకాలం అంటుకుంటది. ఇప్పపువ్వు ఏరడానికి కింద ఆకులు శుభ్రం కావాలని, తునికాకు కొత్త చిగురు రావాలని పెట్టే నిప్పు, బీడీ ముక్క, గొర్లకాపరి పొయ్యి. ఇఖానా లాంటిది మన మీద తిరగదు. మన కండ్లు ఉపగ్రహాలు. బాలానగర్‌లో 1974లో మొదలైన రిమోట్ సెన్సింగ్ సంస్థకు షాద్‌నగర్ దగ్గర అంటెనాలున్నయి. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లు మన మీదుగా పోతూ వేడి చుక్కలను పట్టుకుంటది. ఆ సమాచారంతో డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్లు ఫలానా బీట్‌లో మంట ఉందని అటవీ సిబ్బంది ఫోన్లకు మెసేజ్ పంపుతరు. కానీ ఉపగ్రహం పోయాక అంటుకున్న మంట మళ్లీ అది వచ్చేదాకా కనపడదు. కొత్తగా వాడుతున్న పరికరం ఒక్క చుక్క కూడా నేల మీద దాదాపు 375 మీటర్ల పొడుగు, వెడల్పు. ఆ చుక్కలో మంట ఏ మూలనుందో నడిచి వెతుక్కోవాల్సిందే. పత్తి కట్టె, వరి కొయ్యకాళ్లు తగలబెట్టినా అట్లనే చుక్క పడుతది, అది వేరే లొల్లి.

నిజానికి మన దేశంలో ఈ పరారుణ చూపు మొదలైంది పంట కోసమే. 1970 ప్రాంతంలో కేరళలో కొబ్బరికి వేరు తెగులు వస్తే, పిషారోటి అనే శాస్త్రవేత్త హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్మ్‌తో తోటలను ఫోటో తీయించిండు. కంటికి పచ్చగానే ఉన్న చెట్టు ఆ ఫిల్మ్‌లో రోగిలా కనపడింది. ఆకు మాడకముందే రోగం పట్టింది యంత్రం. ఇప్పుడు డ్రోన్ కంపెనీలు కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్నది ఆ పాత విద్యనే.

మళ్లీ మన చేన్ల దగ్గరకు వస్తా. బెలూన్ల సీజన్ వచ్చినప్పుడు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పత్రికల్లో ఒక ప్రకటన ఇస్తరు. పెండ్లి సంబంధాలకూ, టెండర్ నోటీసులకూ నడుమ చిన్నగా. ఫలానా నెలల్లో బెలూన్లు వదులుతున్నం, హైదరాబాద్ నుంచి రెండు మూడు వందల కిలోమీటర్ల లోపు ఎక్కడైనా దిగొచ్చు, తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలు ఇవీ అని. దొరికినవాళ్లు ముట్టుకోవద్దు, తెరవొద్దు, కొన్నింటిలో హై వోల్టేజ్ ఉండొచ్చు. పెట్టె మీద రాసిన చిరునామాకు, ఫోన్‌కు చెప్పండి, లేకుంటే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, పోస్టాఫీసుకో, కలెక్టర్‌కో చెప్పండి. చెప్పినవాళ్లకు బహుమానం, దారి ఖర్చులు. పరికరాన్ని కెలికితే బహుమానం లేదు. పోస్టాఫీసు అన్న మాట చూస్తేనే ఆ ప్రకటన ఎంత పాతదో తెలుస్తది. ఊర్లో ఫోను లేని రోజుల్లో పోస్ట్‌మాస్టరే దిక్కు.

ఆ పద్ధతి అన్నేండ్లు నడిచింది, ఎందుకంటే ఊర్లో ఒకడు పేపర్ చదివి పదిమందికి చెప్పేవాడు. ఇప్పుడు మొగిలిగుండ్లలో దిగేటప్పటికి ఆ పదిమంది చేతిలో ఫోన్లున్నయి, ప్రకటన చూసినోడు లేడు. 2025 జనవరిలో బీదర్ జిల్లా జలసంగిలో ఒక ఇంటి మీద పెద్ద బెలూన్ వాలినప్పుడు కూడా అదే గాబరా. వైర్లు, మెరిసే రేకు, మిణుకుమిణుకు లైటు చూస్తే ఎవరికైనా గుండె ఆగుతది. మనోళ్లను వెక్కిరించిన పోస్టులు చూసి నాకు కోపం వచ్చింది. ఆకాశం నుంచి మీ బాల్కనీలో దిగితే మీరేం చేస్తరో చూద్దాం.

నేను అడిగేది చిన్న పని. ఆ పేపర్ ప్రకటన రంగు బొమ్మతో ప్రతి గ్రామపంచాయతీ వాట్సాప్ గ్రూపుకు, రైతు వేదికలకు వస్తే సరిపోతది. పారాచూట్ ఎట్లుంటదో, పెట్టె ఎట్లుంటదో, మీద ఏం రాసి ఉంటదో ఒక ఫోటో. జీపు, ట్రాక్టర్ చేన్లోకి తెచ్చే ముందు ఆ చేను రైతును పిలిచి గట్టు వెంట ఎటు రావాలో అడగాలని ఇంకో వాక్యం. పత్తి పగిలే కాలమూ, శనగ పూతకొచ్చే కాలమూ, బెలూన్లు దిగే చలికాలమూ ఒకటే కదా.

ఎవరి చేన్లో అయినా పాత రోజుల్లో బెలూన్ దిగి ఉంటే, మీ నాయన, తాత చెప్పింది యాదికుంటే కింద రాయండి. ఏ ఊరు, ఏ ఏడు, ఏ పంట ఉండె, ఏం దిగింది. ఆ ప్లాస్టిక్ షీటును వడ్ల కుప్ప మీద కప్పుకున్న ఇండ్లు ఉంటే అది కూడా రాయండి, ఎవరూ ఏమనరు.